సాయంత్రం రాద్దాంలే

మే 22

తూనీగకి,

ఇంటికి చేరాను. బస్సులో నా పక్కన కూర్చున్నాయన దారి పొడుగునా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. లేపడానికి మనసొప్పక, దిగాల్సిన స్టాపు దాటి తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చాను. మీ అత్తయ్య గుమ్మంలోనే నిలబడి, "విమానాలు బాగుచేసే మనిషికి బస్సు దిగడం చేతకాలేదా" అంది. ఈ పాటికి ఆ మాట వీధిలో ముగ్గురికి చెప్పి ఉంటుంది.

నీ విమానం గురించి నిశ్చింతగా ఉండు. మూడు రోజులు దాని కిందే పడుకున్నాను కదా, మీ అత్తయ్య పక్కన కూడా అంత ప్రేమగా పడుకోలేదు ఈ మధ్య. రెండు చక్రాల బ్రేకులూ విప్పి కొత్త ప్యాడ్లు వేశాను, పైపుల్లో గాలి తీశాను, పెడలు నొక్కి చూస్తే రాయిలా ఉంది. నెలకి నాలుగు ఊళ్లు తిరిగి నాలుగు ఫీల్డుల్లో విమానాలు చూసే మెకానిక్కుని నేను. కానీ నా మేనకోడలు నడిపేదాన్ని చూసినట్టు మిగతావి చూస్తానంటే అబద్ధమే అవుతుంది.

మీ కొత్త మేనేజరు తెలివైనవాడే. లాగ్‌బుక్కు తిరగేసి, "మన విమానాలకి జబ్బులన్నీ సాయంత్రం ఆరు తర్వాతే ఎందుకొస్తున్నాయి?" అని అడిగాడు నన్ను. "ఎండకి అలిసిపోతాయి సార్" అన్నాను. నవ్వాడు పాపం. ఆయనకేం తెలుసు, ఉదయం ఒక్క ముక్క రాస్తే మెకానిక్కు వచ్చి సంతకం పెట్టేదాకా విమానం కదలకూడదు, ఆ మెకానిక్కేమో ఇంకో ఊళ్లో ఉంటాడు. నీకు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెప్పాను కదా, చిన్నా చితకా ఏదున్నా ఉదయం చూసి ఊరుకో, పని ముగించుకుని సాయంత్రం రాయి. ముప్పై ఏళ్లుగా ఈ నాలుగు ఫీల్డులూ అలాగే నడుస్తున్నాయి.

పెద్ద విమానం ఉద్యోగానికి నీకింకా పద్దెనిమిది గంటలు ఎగరడం తక్కువన్నావు. జూన్ మూడో తేదీ లోపు అయిపోవాలి. ఎగిరి ఎగిరి ఆ పెద్ద విమానంలో సీటు సంపాదించు. నేను టికెట్టు కొనుక్కుని ఎక్కి, "ఆ ముందు కూర్చుంది మా పిల్లే" అని పక్కవాడికి చెప్పాలి.

మీ అత్తయ్య దీవెనలు. నావి ఎప్పుడూ ఉండేవే.

మావయ్య

*

జూన్ 3

మావయ్యా,

ఇది హెడ్డాఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. అప్లికేషన్ ఇచ్చేశాను. గంటలు సరిపోయాయి, పైన నలభై నిమిషాలు మిగిలాయి కూడా. కౌంటర్లో ఉన్నావిడ నా కాగితాలన్నీ రెండుసార్లు లెక్కపెట్టి, నన్ను పైనుంచి కిందికి చూసి, "విమానం నడిపేది మీరేనా" అంది. "కాదండీ, నేను పక్కనుంచి తోస్తాను" అందామనుకున్నాను. అనలేదు. సీటు వచ్చాక అంటాను.

నిన్న ఆఖరి ట్రిప్పు దిగేసరికి బస్సుకి పావుగంటే ఉంది. బుక్కులో సంతకం గీకేసి బ్యాగు పట్టుకుని పరుగెత్తాను. ఈవేళ నా విమానం మా పొడుగాయన తీసుకెళ్తున్నాడు. ఆయన అందులో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. నీకు గుర్తుండే ఉంటుంది, పోయిన నెల టీ తెచ్చిచ్చి నీ పనంతా నిలబడి చూశాడే, ఆయనే.

ఒక చిన్న సంగతి ఉంది మావయ్యా. ఫోన్లో చెప్పేది కాదు, మా ఫోను ఆఫీసు టేబుల్ మీద ఉంటుంది, చుట్టూ ఎనిమిది చెవులుంటాయి. కాగితం మీద పెట్టాలని కూడా లేదు. నువ్వు వచ్చినప్పుడు చెబుతాను. నవ్వుతావో తిడతావో చూడాలి.

అత్తయ్యకి చెప్పు, ఆవిడ అల్లిచ్చిన ఊలు టోపీ పెద్ద విమానంలో పెట్టుకుంటానని.

నీ తూనీగ

*

జూన్ 7

అమ్మా తూనీగా,

నీ ఉత్తరమూ, ఇద్దరు ఆఫీసర్లూ ఒకే రోజు మా ఇంటికొచ్చారు. నువ్వు మెట్ల మీద కూర్చుని నవ్వుతూ రాస్తున్న గంటలోనే అక్కడ ఫీల్డులో అంతా అయిపోయిందని ఆ తేదీ చూశాక అర్థమైంది.

వాళ్లు చెప్పింది నీకు రాస్తున్నాను. ఏదైనా తేడా ఉంటే దిద్దు. మీ పొడుగాయన ఒక్కడే ఖాళీ విమానంతో తిరిగొచ్చి దిగాడు. రన్‌వే చివర బ్రేకు నొక్కితే కుడిది పట్టింది, ఎడమది పట్టలేదు. విమానం కుడికి తిరిగి పెట్రోలు షెడ్డు గోడని కొట్టుకుంది. నిప్పు అంటుకోకపోవడం మన అదృష్టం. ఆయన కుడి మోకాలు నుజ్జయిందట. ఎడమ చక్రం పైపులతో సహా ఊడి ముక్కలైపోయింది కాబట్టి లోపం ఎక్కడుందో వస్తువుని చూసి చెప్పలేమన్నారు. ఇక మిగిలింది బుక్కే. బుక్కులో బ్రేకుల మీద ఆఖరి మాట నాది. ఆ తర్వాత పన్నెండు రోజులు, రోజూ సాయంత్రం, "లోపం లేదు" అని మీ సంతకాలు.

వాళ్లు మర్యాదగానే అడిగారు. నేనే సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఎడమ చక్రం దగ్గర ఉండగా మీ అత్తయ్య ఫోను చేసిందని మేనేజరు పిలిచాడు. లేచి వెళ్లాను, వచ్చాను. గాలి తీసే ఆ చిన్న స్క్రూ వెళ్లేముందు బిగించానా, వచ్చాక బిగించానా, అసలు బిగించానా? వాళ్లు వెళ్లినప్పటినుంచీ అదే చూస్తున్నాను కళ్ల ముందు. చెయ్యి కనిపిస్తోంది, స్క్రూ కనిపిస్తోంది, తిప్పినట్టు మాత్రం గుర్తు రావడం లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ బస్సులో నిద్రపోయినాయన లేడు. పక్క సీటు ఖాళీ. స్టాపు బోర్డు నాకు కనిపించలేదు, అందుకే దాటిపోయాను. ఏడాదిగా రెండు కళ్లకీ శుక్లాలు పెరుగుతున్నాయి. ఆపరేషన్ అంటే లైసెన్సు పక్కన పెట్టమంటారని ఎవరికీ చెప్పలేదు, మీ అత్తయ్యకి కూడా. ఇప్పుడు నీకు చెప్పడానికి తల కొట్టేసినట్టుంది.

నువ్వు రాసిన ఆ చిన్న సంగతి ఏమిటమ్మా? విచారణ జూలై 2న. అంతకుముందే తెలిస్తే మంచిది.

మావయ్య

*

జూన్ 11

మావయ్యా,

నీ ఉత్తరం అందింది. నువ్వు రాసినదాంట్లో తేడా ఏమీ లేదు.

పొడుగాయన్ని రెండుసార్లు చూసొచ్చాను. ఆయన మంచానికి ఆయన కాళ్లు సరిపోక చివర ఒక స్టూలు వేశారు. నన్ను చూసి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నేనూ ఎక్కువసేపు ఉండలేదు. షెడ్డు గోడ మీద ఇటుకలు లేచిపోయిన చోట రేకు కొట్టారు. విమానాన్ని టార్పాలిన్ కప్పి పక్కన పెట్టారు. ఆఫీసుకి వెళ్లాలంటే దాని ముందునుంచే వెళ్లాలి కాబట్టి నేను వెనకనుంచి తిరిగి వెళ్తున్నాను.

ఆఫీసర్లు నన్ను కూడా అడిగారు. బుక్కులో ఏముందో అదే చెప్పాను.

ఆ చిన్న సంగతి గురించి ఇప్పుడెందుకులే. నువ్వు కళ్లు చూపించుకో ముందు. నువ్వు మెకానిక్కువి, మంచి మెకానిక్కువి, స్క్రూ బిగించే ఉంటావు. అత్తయ్య ఆరోగ్యం ఎలా ఉంది? ఇక్కడ ఎండలు బాగా ముదిరాయి.

తూనీగ

*

జూన్ 14

తూనీగా,

నాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన పిల్లవి నువ్వు. ఎండల గురించి రాశావంటేనే అర్థమైపోయింది. ఆరో క్లాసులో మీ అమ్మ గడియారం పగలగొట్టి ఇంటికొచ్చినవాళ్లందరితో వాన గురించి మాట్లాడావు, గుర్తుందా?

నువ్వు దాస్తున్నదేమిటో నాకు తెలుసు. ఎందుకు దాస్తున్నావో కూడా తెలుసు. నా మొహం చూడలేక రాయడం లేదు. నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఇలా నీళ్లు నమిలితే నాకు నిద్ర పట్టడం లేదు. మీ అత్తయ్యతో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతున్నాను. ఆవిడ పాపం నాకు చెవుడొచ్చిందనుకుంటోంది.

పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఒక్కటే అడుగుతాను, ఒక్క ముక్కలో చెప్పు. ఆ బ్రేకు సంగతి ప్రమాదానికి ముందే నీకు తెలుసా, తెలియదా?

మావయ్య

*

జూన్ 18

మావయ్యా,

తెలుసు.

మూడు రోజుల ముందే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేకపోయాను. చూసి చూసి నువ్వే కనుక్కుంటావని కూడా నాకు తెలుసు, నీ దగ్గర నేను ఏది దాచగలిగాను గనక.

నీ ఉత్తరం చదివి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. కోపం లేదని రాశావు. నువ్వు తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఇంక నేనేం చేయాలో నువ్వే చెప్పు. నువ్వు ఏది చేయమంటే అది చేస్తాను. క్షమించమని అడిగే మొహం లేదు, అందుకని అడగడం లేదు.

తూనీగ

*

జూన్ 21

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం పొట్టిదని లోకువగా చూడకు, నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగాన్ని ముగించడానికి అది సరిపోయింది. ఇప్పుడు మనసు తేలికపడింది. అనుమానం కన్నా ఇదే నయం.

మూడు రోజుల ముందే నా స్క్రూ వదులుగా ఉన్నట్టు చూశావన్నమాట. చూసి, నా పేరు చెడుతుందని, నేను వచ్చినప్పుడు చాటుగా చెబుదామని ఊరుకున్నావు. ఆ చిన్న సంగతి అదే. ఈలోగా అది ఊడిపోయింది. ఇందులో నీ తప్పేముంది? చిన్నపిల్లవి, మావయ్యని కాపాడుకుందామనుకున్నావు. నువ్వు నా కోసం సిగ్గుపడ్డావని తలుచుకుంటే నేను నేలలోకి కుంగిపోతున్నాను. మేనకోడలు తలెత్తుకునేలా బతకాలి మావయ్య అనేవాడు. నేను నీ తల దించాను.

ఏం చేయాలని అడిగావు కదా. ఏమీ చేయకు. ఆఫీసర్లకి నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉండనీ. తప్పు నాదని ఒప్పుకుంటూ నిన్ననే కాగితం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. లైసెన్సు కూడా అందులోనే పెట్టాను. కళ్ల సంగతీ రాశాను. విచారణ రోజున అది చదివి సంతకం చేయిస్తారు, పావుగంటలో అయిపోతుంది. పొడుగాయన ఇంటికి కూడా వెళ్లి క్షమించమని అడగాలి, ఆయన ఇచ్చిన టీ తాగినవాణ్ని.

పనిముట్ల పెట్టె అటక మీద పెట్టేశాను. మీ అత్తయ్య దాని మీద పాత దుప్పటి కప్పింది. ఆ పెట్టె కనపడకపోయేసరికి గది పెద్దదైనట్టుంది.

నువ్వు మాత్రం ఆ పెద్ద విమానం సీటు వదులుకోకు.

మావయ్య

*

జూన్ 24

మావయ్యా,

ఈ ఉత్తరం చదివేదాకా ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. మొత్తం చదువు. మధ్యలో చింపేయాలనిపించినా చివరిదాకా చదివి చింపు.

నీ స్క్రూ వదులుగా లేదు. నేను చూసింది నీ స్క్రూ కాదు. నువ్వు తెలుసన్నప్పుడు నా సంగతి నీకు తెలిసిపోయిందనుకున్నాను. నేను 'తెలుసు' అన్నది నా తప్పు గురించి. నువ్వు దాన్ని నీ తప్పు అనుకున్నావు. నేను సిగ్గుతో అంత పొట్టిగా రాయకుండా ఉంటే నువ్వు ఆ కాగితం పంపేవాడివి కాదు. ఇప్పుడన్నీ వివరంగా రాస్తాను.

నువ్వు వెళ్లాక తొమ్మిది రోజులు రెండు బ్రేకులూ నువ్వన్నట్టే రాయిలా ఉన్నాయి. స్క్రూ వదులైతే మొదటి రోజే తెలిసిపోయేది, అది నాకన్నా నీకే బాగా తెలుసు. మే 31న కొండ మీది ఆస్పత్రి ఫీల్డులో దిగాను. అక్కడ రన్‌వే అంతా గులకరాళ్లు. గంటలు సంపాదించాలన్న తొందరలో దిగాల్సిన వేగం కన్నా ఎక్కువ వేగంతో దిగాను. ఎడమ చక్రం కింద రాయి ఎగిరి ఠంగుమని తగిలింది. దిగి చూశాను. చక్రం లోపలి వైపు పైపు కాస్త నొక్కుకుపోయి, చుట్టూ బ్రేకు నూనెతో తడిగా ఉంది. నా జేబులో గుడ్డ తీసి తుడిచాను. ఒక నిమిషం చూశాను, మళ్లీ తడి కనిపించలేదు. గుడ్డ జేబులో పెట్టుకున్నాను. అది ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఉతకలేదు, పారేయలేదు.

మర్నాడు ఉదయం పెడలు నొక్కితే ఎడమది సగం దాకా దిగిపోయింది. మూడుసార్లు గబగబా నొక్కితే గట్టిపడింది. పళ్ల డాక్టరమ్మ వెనక సీట్లో తన పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ వారానికోసారి కొండ మీదికి వెళ్లి పళ్లు చూస్తుంది. బుక్కు నా మోకాలి మీద తెరిచే ఉంది, పెన్ను మూత తీసి ఉంది. అప్పుడు లెక్క వేసుకున్నాను. కొండ మీది రన్‌వే పైకి ఎక్కుతూ ఉంటుంది, బ్రేకు లేకపోయినా విమానం దానంతటదే ఆగుతుంది. ఇక్కడ మన రన్‌వే పొట్టిది, కానీ ఎదురుగాలి ఉంది, నెమ్మదిగా దిగితే సరిపోతుంది. రాశానంటే విమానం ఆగిపోతుంది, నువ్వు రావడానికి నాలుగు రోజులు పడుతుంది, నాకింకా ఐదు గంటలు కావాలి. ఆ లెక్కలో డాక్టరమ్మ ఎక్కడా లేదు మావయ్యా. ఆవిడ "ఏమైనా ఇబ్బందా అమ్మా?" అని అడిగింది కూడా. "ఏం లేదండీ" అన్నాను. పెన్నుకి మూత పెట్టి, సాయంత్రం రాద్దాంలే అనుకున్నాను.

ఆ సాయంత్రం రాయలేదు. రాస్తే రెండో తేదీ ఎగరడం ఉండదు. రెండో తేదీ ఉదయం నాలుగుసార్లు నొక్కాల్సి వచ్చింది. ఆ సాయంత్రం కచ్చితంగా రాద్దామనుకున్నాను. బస్సుకి పావుగంటే ఉంది. "లోపం లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఇంకో నాలుగు మాటలు రాయడానికి అర నిమిషం పట్టేది. అప్పుడు పొడుగాయన షెడ్డు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "వెళ్లిరా, సీటు తెచ్చుకో" అన్నాడు. నోటితో చెప్పినా సరిపోయేది. చెబితే, ఈ రెండు రోజులు నువ్వెలా ఎగిరావని అడుగుతాడు కదా. అందుకే చెయ్యి ఊపి వెళ్లిపోయాను.

నీకు రాసిన ఆ చిన్న సంగతి ఇదే. హెడ్డాఫీసు మెట్ల మీద కూర్చున్నప్పుడు అది నాకు చిన్నదిగానే కనిపించింది. నువ్వు నవ్వుతావనుకున్నాను.

ఆఫీసర్లు అడిగినప్పుడు, "ఆఖరి మూడు రోజులూ బ్రేకు ఎలా ఉంది?" అన్నారు. "బాగానే ఉంది" అన్నాను. సంతకం కూడా పెట్టాను. అప్పటికి నువ్వు స్క్రూ గురించి రాసిన ఉత్తరం రాలేదు. అది వచ్చాక నేను చేయాల్సింది ఆ రోజే బస్సెక్కి వాళ్ల దగ్గరికి వెళ్లడం. వెళ్లకుండా నీకు ఎండల గురించి రాశాను. నువ్వు మూడు వారాలుగా ఒక స్క్రూ పట్టుకుని నిద్ర మానేస్తే, నేను ఇక్కడ కూర్చుని, "నీ కళ్లు చూపించుకో" అని సలహా ఇచ్చాను. ఇది రాస్తుంటే నా చెవులు కాలిపోతున్నాయి.

ఆ కాగితం వెనక్కి తీసుకో. ఎలా తీసుకోవాలో నాకు తెలియదు, నువ్వు అడుగు. నీ చేతులు ఏ తప్పూ చేయలేదు.

తూనీగ అని రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

నీ మేనకోడలు

*

జూన్ 27

మేనకోడలికి,

నీది పొడుగు ఉత్తరం, సన్నటి అక్షరాలు. మీ అత్తయ్యతో చదివించుకున్నాను. గుడ్డ దగ్గర ఒకసారి, డాక్టరమ్మ దగ్గర ఒకసారి ఆగింది. చదవడం అయ్యాక కళ్లజోడు తీసి వంటింట్లోకి వెళ్లిపోయింది.  

నా సంగతి కూడా దాచను. మొదట నాకు సంతోషం వేసింది. నా చెయ్యి తప్పు చేయలేదని. అక్కడ ఒక మనిషి మోకాలు పోయింది, ఇక్కడ నా పిల్ల కుమిలిపోతోంది, నేను మాత్రం కుర్చీలో కూర్చుని చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను. సిగ్గులేని సంతోషం. అది పది నిమిషాలుంది. తర్వాత కోపం వచ్చింది. తడి చూసి తుడుస్తావా? వెనక సీట్లో మనిషిని పెట్టుకుని ఎగురుతావా? అక్కడుంటే చెంప పగలగొట్టేవాణ్ని. ఇరవై తొమ్మిదేళ్లలో నిన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు. ఈసారి కొట్టేవాణ్నే.

ఆ తర్వాత మీ అత్తయ్య వంటింట్లోంచే అడిగింది, "సాయంత్రం రాయమని దానికి నేర్పిందెవరు?" అని.

నేను నీ ఉత్తరం మడిచి కవర్లో పెట్టాను. 

ముప్పై ఏళ్లుగా వచ్చిన ప్రతి కొత్త పైలట్‌కీ మొదటి రోజే టీ తాగిస్తూ నేర్పాను ఆ మాట. తెలివి నేర్పుతున్నాననుకున్నాను. నాలుగు ఊళ్లు ఒక్కణ్నే తిరగలేక, ప్రతి చిన్నదానికీ నన్ను పిలవకుండా ఉండాలని నేను పెట్టిన అలవాటు అది. నా సుఖం కోసం పెట్టాను. మేనేజరు అడిగితే ఎండకి అలిసిపోతాయని జోకేశాను, ఆ జోకు నీకు గొప్పగా రాశాను కూడా. నువ్వు పెన్నుకి మూత పెట్టినప్పుడు నీ చెయ్యి పట్టుకుని పెట్టించింది నేనే.

అలాగని నీ తప్పు తగ్గదు. నేను నేర్పింది చిన్నా చితకా గురించి. బ్రేకు చిన్నా చితకా కాదని నీకు తెలుసు. ఎవరిది వాళ్లకే ఉంది.

నా కాగితం వెనక్కి ఇవ్వరట. విచారణలోనే చెప్పుకోమన్నారు. నీ ఉత్తరం తీసుకెళ్లి వాళ్లకి చూపిస్తే నేను బయటపడతాను. చూపించను. అది నాకు రాసింది, వాళ్లకి రాసింది కాదు. విచారణ జూలై రెండో తేదీ పదిన్నరకి. నేను వెళ్లి సాయంత్రం రాత గురించి, నా కళ్ల గురించి చెబుతాను. బ్రేకు గురించి చెప్పాల్సిన మనిషి వస్తే వస్తుంది. రాకపోతే నా సంతకం వాళ్ల దగ్గరే ఉంది. నిన్ను పిలవను, బతిమాలను.

మీ అత్తయ్య ఇప్పుడే వచ్చి, ఆ గుడ్డ తెమ్మని రాయమంది.

మావయ్య

*

జనవరి 9, ఉదయం ఎనిమిదింపావు

మావయ్యా,

రెండో కంటికి కట్టు విప్పారని అత్తయ్య రాసింది. గోడ మీద బల్లి కూడా కనిపిస్తోందని గోల చేస్తున్నావట. ఇది నువ్వే చదువుకోగలవు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

విచారణవాళ్లు నన్ను ఎగరొద్దన్న ఆరు నెలలూ ఈవేళతో అయిపోయాయి. టికెట్ల కిటికీలో నా బదులు ఇంకొకర్ని కూర్చోబెట్టారు. ఈ ఆరు నెలలూ ఆ కిటికీ లోపలినుంచి కనిపించేది జనం గడ్డాలూ చేతులే. అదీ ఒకందుకు మేలైంది, నా మొహం ఎవరికీ సరిగ్గా కనపడలేదు. పెద్ద విమానం వాళ్లు నా అప్లికేషన్ వెనక్కి పంపారని నీకు తెలుసు. ఆ కవరు పారేయలేదు. సొరుగులో గుడ్డ ఉండే చోట పెట్టాను. గుడ్డ విచారణవాళ్లే ఉంచుకున్నారు కదా.

ఆరున్నరకి విమానం ఎక్కాను. బాగుచేయించిన పాతదే. పెడళ్లు నొక్కాను. కుడిది బాగుంది. ఎడమది ఒక వేలెడు ఎక్కువ దిగింది. మళ్లీ నొక్కాను, బాగానే ఉంది. నిజంగా దిగిందా, నా భయమా, నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. వెనక పళ్ల డాక్టరమ్మ కూర్చుని ఉంది. విచారణ తర్వాత మొదటిసారి నా విమానం ఎక్కింది, ఏ మనసుతో ఎక్కిందో ఆవిడకే తెలియాలి. ఈసారి ఇబ్బందేమైనా ఉందా అని అడగలేదు. నా చేతుల వంకే చూస్తోంది.

బుక్కు తీసి రాశాను. "ఆరూ నలభై. ఎడమ బ్రేకు మెత్తగా ఉన్నట్టుంది. ఎగరడం లేదు." సంతకం పెట్టాను. 

మేనేజరు గడియారం చూసుకుని, "మొదటి రోజేనా?" అన్నాడు. కొత్త మెకానిక్కు రేపు మధ్యాహ్నానికి గానీ రాడు. కొండ మీద దవడలు వాచినవాళ్లు పదకొండు మంది ఎదురుచూస్తున్నారని డాక్టరమ్మ చెప్పింది. ఫిర్యాదుగా కాదు, ఉన్న మాటగా చెప్పింది. పెట్టె పట్టుకుని దిగి వెళ్లిపోయింది. వాళ్ల దవడలు తలుచుకుంటే నాకు సిగ్గుగానే ఉంది. రాసినా సిగ్గే, రాయకపోయినా సిగ్గేనా అనిపించింది. కానీ రెండూ ఒకటి కాదు.

నీకు చెప్పాల్సింది ఇది కాదు. పొడుగాయన ఇప్పుడు మా దగ్గరే రేడియో గదిలో పని చేస్తున్నాడు, మోకాలు వంగదు. చేతికర్ర పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. బుక్కు తీసి నేను రాసింది చదివాడు. చాలాసేపు చదివాడు, ఉన్నది మూడు ముక్కలే. నేను ఆయనతో ఈ ఆరు నెలల్లో, క్షమించమని అడిగిన రోజు తప్ప, సరిగ్గా మాట్లాడింది లేదు. ఆయనా నా మొహం చూసేవాడు కాదు. నా మీద అసహ్యమనుకున్నాను.

బుక్కు మూసి, "ఆ రోజు ఉదయం నాక్కూడా తెలిసింది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. "నేల మీద నడుపుతున్నప్పుడే తెలిసింది, ఎడమది మెత్తగా ఉందని. మూడుసార్లు నొక్కితే గట్టిపడింది. సాయంత్రం రాద్దాంలే అనుకున్నాను." ఆస్పత్రిలో మంచం మీద ఉండగా నువ్వు ఒప్పుకుంటూ కాగితం పంపావని విన్నాడట. విని ఊరుకున్నాడట. విచారణలో కూడా నువ్వూ నేనూ చెప్పేశాక ఇక తను చెప్పేదేముందనుకున్నాడట. "మీ మావయ్య మా ఇంటికొచ్చి నా ముందు తల దించుకుని నిలబడ్డాడమ్మా. నేను టీ ఇచ్చి పంపాను" అన్నాడు. ఇది ఎవరికి చెప్పుకుంటావో నీ ఇష్టం అని వెళ్లిపోయాడు. కర్ర చప్పుడు రేడియో గది దాకా వినిపించింది.

మొదట నాకు సంతోషం వేసింది మావయ్యా. సిగ్గులేని సంతోషం అని నువ్వు రాశావే, అదే. ఆయన మోకాలు పూర్తిగా నా ఖాతాలో లేదన్న సంతోషం. నీకన్నా ఎక్కువసేపే ఉంది. తర్వాత ఆయన కర్ర పట్టుకుని మెట్టు ఎక్కలేక పక్కకి తిరిగి ఎక్కడం కిటికీలోంచి చూశాను. ఆ సంతోషం పోయింది.

ఇది విని నువ్వు నొచ్చుకుంటావా, తేలికపడతావా తెలియదు. నువ్వు ఆయన ముందు నిలబడ్డ రోజు తలుచుకుని ఇంకా కుంగుతావేమో కూడా. రాయాలా వద్దా అని గంటనుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఈవేళ ఎగరడం లేదు కాబట్టి బోలెడంత తీరిక ఉంది, సాయంత్రం ఆలోచించి రాద్దాంలే అనిపించింది.

అనిపించగానే మొదలుపెట్టాను.

తూనీగ